మూడున్నర కేజీల ముర్రు

ధనుర్మాసం చలి. మా పెద్దమ్మ కొడుకు ఊళ్లో లేడు. వాడి షెడ్డులో సీమపంది ఒకటి నిండు చూలుతో ఉంది. కాపలాకు మిగిలింది ఇద్దరం, పెద్దమ్మ, నేను. ఆమెకు డెబ్బై దగ్గరపడుతున్నాయి. పుట్టినప్పటి నుంచి పందుల మధ్యే బతికిన మనిషి. నేను తిరుపతిలో పశువైద్యం చదువుకొని పదేళ్లుగా ఆ పని చేస్తున్నవాణ్ని. రాత్రి పదిన్నరకు మొదలైన మా వాదన తెల్లవారేదాకా సాగింది. గుర్తున్నంత వరకు రాస్తున్నాను. ఆమె అన్నవాటిలో కొన్నింటికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

పెద్దమ్మ: సాయంత్రం చన్ను నొక్కి చూసినా. చుక్క కాదు, ధారే వచ్చింది. ఈ రాత్రికే ఈనతాది. నువ్వు పోయి పండుకో అబ్బయ్యా. ఈనే దాని ముందర మనిషి కూర్చోకూడదు.

నేను: కూర్చోవాలి పెద్దమ్మా. మిగతా రోజులు దాని మానాన దాన్ని వదిలినా ఫరవాలేదు. ఈ ఒక్క రాత్రి మాత్రం మనిషి ఉండాలి.

పెద్దమ్మ: ఎందుకంట? మా నాయన కాలంలో ఏ పంది దగ్గర ఎవరు కూర్చున్నారు? దినాలు దగ్గర పడంగానే అది మందను ఇడిచి పోతాది. తుమ్మచెట్ల నడుమనో, చెరువుకట్ట కింద జమ్ములోనో గుంత తవ్వుకుంటాది. గడ్డి, ఆకు, పుల్లలు నోటితో మోసుకొచ్చి పక్క పరుచుకుంటాది. మూడు నాలుగు దినాలకు ఆరు పిల్లల్ని ఎనకేసుకొని ఇంటికొస్తాది. ఆరూ ఉరుకుతా ఉంటాయి. వాటికి జున్నుపాలు తాపింది ఎవరు?

నేను: తల్లే. కాదనను. ఇంటికొచ్చినవి ఆరు. పుట్టినవి ఎన్ని?

పెద్దమ్మ వెంటనే మాట్లాడలేదు. గోనెపట్ట భుజాల మీదికి లాక్కుంది.

పెద్దమ్మ: చిన్నప్పుడు ఒకసారి ఎంట పోయినా. పదేళ్లుంటాయేమో నాకు. చెట్టు చాటు నుంచి లెక్కపెట్టినా. తొమ్మిది. ఇంటికొచ్చినవి ఆరే.

నేను: మరి ఆ మూడు?

పెద్దమ్మ: అది తల్లి లెక్క. నా లెక్క కాదు.

నేను: నాకు నిద్ర పట్టనియ్యనివి ఆ మూడే పెద్దమ్మా.

మొదటి పిల్ల పదకొండుకు పడింది. పెద్దమ్మ వద్దంటున్నా పొడిగుడ్డతో తుడిచాను. అరచేతిలో వెచ్చగా, జారిపోయేలా ఉంది. కింద దించగానే ముందుకాళ్ల మీద లేచింది, పడింది, మళ్లీ లేచింది. బొడ్డుతాడు వెనక ఈడ్చుకుంటూ తల్లి వెనకకాళ్ల మీదుగా పొట్ట వైపు పాకింది. కళ్లు తెరిచే పుడుతుంది కాని, దారి చూపించేది ముక్కే. చర్మాన్ని ముక్కుతో తడుముకుంటూ చన్ను దొరికేదాకా ఆగదు. దీనికి పావుగంట పట్టింది.

పెద్దమ్మ: చూస్తివా? ఎవరు నేర్పించినారు దానికి?

నేను: ఎవరూ నేర్పలేదు. కాని అది ఎంత వట్టి చేతులతో వచ్చిందో నీకు తెలుసా? మనిషి బిడ్డ కడుపులో ఉండగానే తల్లి రక్తంలోని యాంటీబాడీలు మాయ దాటి బిడ్డకు చేరతాయి. పంది మాయ అట్లాంటిది కాదు. తల్లి రక్తానికీ పిల్ల రక్తానికీ నడుమ ఆరు పొరలుంటాయి. తిండి దాటుతుంది, ఊపిరి దాటుతుంది, యాంటీబాడీలు మాత్రం దాటవు. 114 రోజులు మోసిన తల్లి రోగాన్ని ఎదిరించే శక్తి రవ్వంత కూడా కడుపులో ఇవ్వలేకపోయింది. ఇవ్వాల్సిందంతా ఈ పాలలోనే ఇవ్వాలి.

పెద్దమ్మ: దూడకు కూడా అంతే కదా?

నేను: దూడకూ అంతే. కాని దూడ ఒకటే పుడుతుంది, ఆవు పాలు చాలా ఎక్కువ. అది తాగగా మిగిలినవి పిండుకొని మనం జున్ను వండుకుంటున్నాం. పందిపాలతో జున్ను వండినవాళ్లను చూశావా?

పెద్దమ్మ: పందిని పిండేదెవరు? పిండినా రావు.

ఆమె మాట నూటికి నూరుపాళ్లు నిజం. పంది పొదుగులో ఆవుకున్నట్టు పాలు నిలవ ఉండే తిత్తి లేదు. ఈనే గంటల్లో మాత్రం ఆక్సిటోసిన్ అనే హార్మోను అలలు అలలుగా రక్తంలోకి వస్తుంటుంది కాబట్టి ముర్రు దాదాపు ఎడతెగకుండా దొరుకుతుంది. ముందు పుట్టిన పిల్లలు ఒక చన్ను నుంచి ఇంకో చన్నుకు తిరిగి తాగేది అందుకే. సగం రోజు గడిచేసరికి ఆ ధారాళత పోతుంది. ఆ తర్వాత గంటకోసారో, అంతకన్నా కొంచెం తొందరగానో, తల్లి పిలిచినప్పుడే పాలు. అదీ పది ఇరవై సెకన్లే. ఈ లెక్క గుర్తుపెట్టుకుంటే చివర పుట్టిన పిల్ల కష్టం అర్థమవుతుంది.

పెద్దమ్మ చన్ను నొక్కి ఒక చుక్క వేళ్ల మీదికి తీసుకుంది. బల్బు వెలుగులో పసుపుగా మెరిసింది. బొటనవేలు, చూపుడువేలు కలిపి విడదీస్తే సన్నటి తీగ సాగింది.

పెద్దమ్మ: ఎంత జిగటో చూడు. రేపు ఈ జిగట ఉండదు.

నేను: ఆ జిగట మాంసకృత్తులది. నూటికి పదిహేనుకు పైనే ఉంటాయి. వారం తర్వాతి పాలలో అయిదు ఉంటే ఎక్కువ. అందులో పెద్ద భాగం యాంటీబాడీలు. వాటిలోనూ చాలావరకు పొదుగు కొత్తగా చేసినవి కావు. తల్లి రక్తంలోంచి ఏరి తెచ్చి పొదుగులో కూడబెట్టినవి. అది ఏళ్ల తరబడి పడిన జబ్బులు, ఈ షెడ్డు మట్టిలో ఉన్న సూక్ష్మజీవులు, నువ్వు వేయించిన టీకాలు, అన్నిటి జ్ఞాపకమూ ఈ చుక్కలో ఉంది.

పెద్దమ్మ: ఈ రాత్రే చేసిందా ఇదంతా?

నేను: లేదు. చివరి వారాల నుంచే పొదుగు సిద్ధమవుతూ ఉంది. చూలు నిలబెట్టే ప్రొజెస్టెరాన్ అనే హార్మోను ఉన్నంత కాలం పాలకు అడ్డం. ఈనే ముందు ఒకటి రెండు రోజుల్లో అది పడిపోతుంది, ప్రొలాక్టిన్ పైకి లేస్తుంది. అడ్డం తొలిగి పాలు దిగుతాయి. ప్రొజెస్టెరాన్ పడడం ఆలస్యమైన తల్లికి ముర్రు తక్కువ. దిగిన ముర్రు కూడా గంట గంటకూ పలచబడుతుంది. ఒక రోజు గడిచేసరికి మొదట ఉన్న యాంటీబాడీల్లో నాలుగో వంతు మిగిలితే గొప్ప. పొదుగు కణాల నడుమ ఇప్పుడు సందులున్నాయి, అవి మూసుకుపోతాయి. పిల్ల వైపు కూడా ఇదే కథ. ఇంత పెద్ద మాంసకృత్తును అరగదీయకుండా ఉన్నది ఉన్నట్టుగా రక్తంలోకి పంపగలిగే శక్తి పిల్ల పేగుకు ఒక రోజో, ఒకటిన్నర రోజో. ఆ తర్వాత ఎంత తాపినా రక్తంలోకి చేరదు.

పెద్దమ్మ: మా అత్తలు మనుషుల బిడ్డలకు మొదటి పాలు పిండి పారబోయించినారు. చెడ్డపాలు, అరగవు అన్నారు. నా పెద్దబిడ్డకు మూడు దినాలు చక్కెరనీళ్లే. పందికి చెప్పే అత్త లేదు, దాని బిడ్డలు మొదటి చుక్కతోనే బతికినాయి. అందుకే అంటాండా, మనిషి చెయ్యి పెడితే చెడిపోతాది అని.

ఇక్కడ నేను కొంతసేపు నోరెత్తలేకపోయాను. ఆమె తన కడుపున పుట్టిన బిడ్డ గురించి చెబుతోంది. ఆ మాటలో ఉన్న నొప్పికి శాస్త్రం చెప్పడం నాకు చేతకాలేదు.

ఒంటిగంటకు ఏడు పిల్లలయ్యాయి. పెద్దవి నాలుగు ముందు చన్నుల మీద స్థిరపడ్డాయి. ఏడోది, చిన్నది, వాటి వెనక తచ్చాడుతోంది. దాని ఒళ్లు వణుకుతోంది.

నేను: ఇప్పుడు చూడు. పందిపిల్లకు ఒంట్లో కొవ్వు దాదాపు లేదు. మనిషి బిడ్డకు, గొర్రెపిల్లకు వెచ్చదనం పుట్టించే కొవ్వు వేరే ఉంటుంది, దీనికి అదీ లేదు. కడుపులో 39 డిగ్రీల వెచ్చదనం నుంచి ఈ చలిలో పడింది. పుట్టిన రోజు దీనికి కావాల్సింది 34 డిగ్రీలు. తల్లికేమో 20 దగ్గర హాయి. తాగకపోతే చల్లబడుతుంది, చల్లబడితే తాగలేదు. మందగిస్తే తల్లి కింద నలిగిపోతుంది. పొద్దున చూసినవాళ్లు తల్లి తొక్కిందంటారు. తొక్కకముందే అది ఆకలితో సగం చచ్చి ఉంటుంది.

పెద్దమ్మ: మా నల్లపందులకు ఇట్లా కాలేదు. ఏడెనిమిది ఈనేవి. ఇది ఎన్ని ఈనతాది?

నేను: పోయినసారి పన్నెండు.

పెద్దమ్మ: ముర్రు ఎంత ఇస్తాది?

నేను: ఎవరూ పిండి కొలవలేరు. పిల్లల్ని పుట్టగానే తూచి, మళ్లీ మళ్లీ తూచి, పెరిగిన బరువును బట్టి లెక్క కడతారు. ఫ్రాన్సులో ఎలెన్ కెనెల్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఈ పని ఏళ్ల తరబడి చేశారు. ఒక తల్లి మొదటి రోజంతటా ఇచ్చేది సగటున మూడున్నర కేజీలు. కొన్ని ఒకటిన్నర దగ్గరే ఆగిపోతాయి, కొన్ని ఆరు దాకా ఇస్తాయి. పిల్ల బతకాలంటే కనీసం 200 గ్రాములు, దిటవుగా బతకాలంటే 250.

పెద్దమ్మ: పన్నెండు పుడితే ఎక్కువ ఇస్తాది కదా? తాగే నోళ్లు ఎక్కువైతే పాలు ఎక్కువ దిగతాయి.

నేను: తర్వాతి పాలు అట్లానే దిగుతాయి. ముర్రు అట్లా కాదు పెద్దమ్మా. ఎనిమిది పుట్టినా, పదహారు పుట్టినా దాదాపు అంతే.

పెద్దమ్మ నా వైపు తిరిగి కూర్చుంది. ఆ రాత్రి ఆమె గొంతు పెంచింది ఈ ఒక్కసారే.

పెద్దమ్మ: అయితే మీరు చేసిందేంది? పిల్లల్ని పెంచినారు. పాలు పెంచినారా? తలకు కప్పితే కాళ్లకు చాలని దుప్పటి ఇచ్చి, దాని పక్కన కూర్చొని, కాపలా కాస్తాండామంటే నేను మెచ్చుకోవాల్నా? మా పంది తొమ్మిది ఈని మూడు పోగొట్టుకున్నా, మిగిలిన ఆరూ కడుపు నిండా తాగినాయి. నువ్వు పన్నెండింటికీ అరకడుపు పోసి, పన్నెండూ బతికినాయని కాగితంలో రాస్తావు. నెల తిరక్కుండా పారుడొచ్చి పోయేవాటి లెక్క ఏ కాగితంలో ఉంటాది?

ఈ మాటకు నేను కిందామీదా పడ్డాను. డెన్మార్కులో ఇప్పుడు ఒక ఈతకు సగటున పదిహేడుకు పైగా పిల్లలు ప్రాణాలతో పుడుతున్నాయి. తల్లికి ఉండే చన్నులు పద్నాలుగు, మహా అయితే పదహారు. అక్కడ పాలతల్లులను వేరే పెట్టి మిగిలిన పిల్లల్ని సాకుతారు. మన దగ్గర అంత దూరం పోలేదు. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం తయారుచేసిన టి-17 రకంలో మూడు వంతులు యార్క్‌షైర్ రక్తం, ఒక వంతు దేశవాళీ రక్తం. ఎదుగుదల సీమపందిది కావాలి, మన ఎండకూ మేతకూ తట్టుకునే గుణం నల్లపందిది కావాలి అన్నదే ఆ ఆలోచన. నా మటుకు అది మంచి ఆలోచన. కాని షెడ్డు పెట్టే ప్రతి కుర్రవాడూ నన్ను మొదట అడిగేది, ఈతకు ఎన్ని పిల్లలు అని. ముర్రు ఎంత అని ఈ పదేళ్లలో ఒక్కరూ అడగలేదు.

నేను: నీ మాట ఒప్పుకుంటా. తప్పు తల్లిది కాదు, ఎంచుకున్న మనుషులది. కాని పెద్దమ్మా, ఇప్పుడు ఈ పన్నెండూ పుడుతున్నాయి. వీటి ముందు కూర్చొని పుట్టకపోతే బాగుండేదని ఎట్లా అంటాను? పాలు పెంచలేను. పంచగలను.

పెద్దమ్మ: ఎట్లా పంచతావు?

నేను: ముందు పుట్టిన పెద్దవాటికి గంటన్నర నుంచి పొట్ట నిండుతూనే ఉంది. ఈ నాలుగింటినీ గంపలో వేసి, బల్బు కింద వెచ్చగా పెడదాం. గంటసేపే. ఆ గంట చిన్నవాటికి చన్నులు ఖాళీగా దొరుకుతాయి. పెద్దవాటికి నష్టం లేదు, మొదటి చిక్కటి ముర్రు వాటికే దక్కింది.

పెద్దమ్మ: తల్లి పిల్లల కోసం అరిస్తే?

నేను: గంప దాని ముక్కు దగ్గరే పెడదాం.

ఆమె ఒప్పుకోలేదు, అడ్డం చెప్పలేదు. లేచి పోయి గంప తెచ్చింది. అడుగున గోనెపట్ట పరిచింది. పిల్లల్ని నేను పట్టుకున్నట్టు నడుం దగ్గర కాకుండా, పొట్ట కింద చెయ్యి పెట్టి ఎత్తింది. ఒక్కటి కూడా కీచుమనలేదు.

పెద్దమ్మ: పంచేది నేను చేస్తా. నేను చెప్పేది నువ్వు చెయ్యి. ఈ ఇనప కమ్మీలు పీకించు. నిన్న పొద్దుటి నుంచి అది వట్టి సిమెంటు గచ్చును కాలితో గోకతానే ఉండాది. పక్క పరుచుకోవాలని దాని తండ్లాట. గడ్డి లేదు, తిరిగే జాగా లేదు. మధ్యాన్నం నేనే నాలుగు కట్టలు వరిగడ్డి ఏసినా. నా కొడుకు ఉంటే కాలవకు అడ్డం పడతాదని అరిచేవాడు.

నేను: నువ్వు చేసిందే సరైంది. ఫిన్లాండులో దీన్ని చూశారు. తిరగడానికి చోటు, పక్కకు గడ్డి, పుల్లలు బాగా ఇచ్చిన పందుల రక్తంలో ఆక్సిటోసిన్ ఎక్కువగా కనిపించింది. ఈనేటప్పుడు బెదిరిపోయినా, నొప్పితో ఉన్నా అది అణిగిపోతుంది. ఆక్సిటోసిన్ లేకుండా పిల్ల దిగదు, పాలు దిగవు.

పెద్దమ్మ: అందుకే కదా మీరు సూది ఏస్తారు?

నేను: వేస్తారు. నేనూ వేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక షెడ్డులో ఈత ఆలస్యమవుతోందని కంగారుపడి మొదట్లోనే సూది వేశాను. గర్భాశయం ఒక్కసారిగా బిగిసింది. లోపల ఉన్న పిల్లలకు బొడ్డుతాడులో రక్తం ఆగిపోయింది. తర్వాత పడిన మూడూ ఊపిరి లేకుండా పడ్డాయి. నిండుగా ఉన్నాయి, వెంట్రుకలు నిగనిగలాడుతున్నాయి. పిల్ల అడ్డం తిరిగిందేమో చెయ్యి పెట్టి చూడకుండా, కారణం తెలియకుండా ఆ సూది ఎవరి చేత వేయించవద్దు పెద్దమ్మా. నేను వేస్తానన్నా అడుగు, ఎందుకని.

పెద్దమ్మ: (చాలాసేపటికి) చూలు పంది చివరి దినాల్లో ఎరువు గట్టిపడకూడదు. మేము తవుడు, తోటకూర, నీళ్లు బాగా పెడతాం. ఎరువు గట్టిపడితే ఈత కష్టం, పొదుగు గడ్డకడతాది, ఒళ్లు కాగతాది, పాలుండవు.

నేను: మా పుస్తకాల్లో కూడా ఆ మాటే ఉంది. పేగు కదలకపోతే అక్కడి సూక్ష్మజీవుల విషం రక్తంలోకి పోయి ప్రొలాక్టిన్‌ను అణుస్తుంది. నీ తవుడుకు నేను ఎదురు చెప్పను.

మూడింటికి పది పిల్లలు. ఇంకా రెండున్నాయని పొట్ట తడిమి పెద్దమ్మే చెప్పింది. పక్క గదిలో ఇంకో పంది నిన్న రాత్రి ఎనిమిది పిల్లల్ని ఈనింది. దానికి నాలుగు చన్నులు ఖాళీ.

పెద్దమ్మ: ఈ చిన్నవాటిని అటు ఎత్తుకుపోదాం. దానికి పాలున్నాయి.

నేను: ఇప్పుడే వద్దు. దాని ముర్రు అయిపోయింది, అక్కడ ఉన్నవి పాలే. ముందు సొంత తల్లి దగ్గర ఒక పూట తాగాలి. ఇంకో సంగతి కూడా ఉంది. ముర్రులో తల్లి తెల్లరక్తకణాలు ప్రాణంతోనే ఉంటాయి. అవి సొంత పిల్ల పేగు దాటి దాని రక్తంలో కలుస్తాయి. పరాయి పిల్ల అవే పాలు తాగితే యాంటీబాడీలు అందుతాయి, కణాలు మాత్రం దాటవు.

పెద్దమ్మ: అట్లనా!

ఆ రాత్రంతా నేను చెప్పినవాటిలో ఆమెను ఆశ్చర్యపరిచింది ఇదొక్కటే. పక్కకు వంగి తల్లిపంది చెవి వెనక గోకింది. అది కళ్లు మూసుకుని మెల్లగా మూలిగింది.

పెద్దమ్మ: మరి ఈ ముర్రు చాలకపోతే ఆవుపాలు తాపచ్చునా?

నేను: ఈ గంటల్లో వట్టి ఆవుపాలు వద్దు. ఆవు ముర్రు అయితే ఆకలికి ఆధారం, కొంత కాపుదల. పంది జబ్బులకు సరిపోయే యాంటీబాడీలు అందులో ఉండవు. ఈసారి ఊళ్లో ఆవు ఈనితే జున్నుకు ముందు ఒక గ్లాసెడు నాకోసం ఫ్రిజ్‌లో గడ్డకట్టించి పెట్టు.

పన్నెండోది నాలుగున్నరకు పడింది. అప్పటికి ఈత మొదలై అయిదున్నర గంటలు. మొదటిది తాగిన ముర్రూ దీనికి మిగిలిన ముర్రూ ఒకటి కావు. చిన్న తక్కెడలో పెడితే 740 గ్రాములు. నోట్లో వేలు పెడితే చల్లగా ఉంది, చప్పరించే బలం లేదు. ఛాతీకి ఆనించుకొని వెచ్చబెట్టాను. పెద్దమ్మ చిన్న గిన్నె పట్టుకొని వెనక చన్నులు నొక్కింది. ఈత ఇంకా ముగియలేదు కాబట్టి కొంచెం కొంచెంగా వచ్చింది. రెండు చెంచాలంత. సూది తీసేసిన సిరంజితో నేను పోయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. చిటికెన వేలు ముర్రులో ముంచి పిల్ల నాలుక మీద రాసింది. మళ్లీ ముంచింది, మళ్లీ రాసింది. గిన్నె అడుగు కనపడేసరికి అరగంట పట్టింది. అప్పటికి పిల్ల ఆమె వేలిని పట్టి లాగుతోంది.

నేను: ఇదే నేను చెప్పింది పెద్దమ్మా. మనిషి ఉంటే...

పెద్దమ్మ: మాట్లాడొద్దు. విను.

తల్లి మూలుగు మారింది. ఇంతసేపూ అక్కడొకటి ఇక్కడొకటిగా వినిపించినవి ఒకదాని వెంట ఒకటి వచ్చాయి, దగ్గరయ్యాయి, తొందరపడ్డాయి. పదకొండు పిల్లలూ పొదుగును ముక్కులతో కుమ్ముతున్నవి కుమ్మడం ఆపేసి చెవులు వెనక్కి వాల్చి కదలకుండా చప్పరించడం మొదలుపెట్టాయి. పెద్దమ్మ పన్నెండోదాన్ని వెనకనుంచి రెండో చన్నుకు తెచ్చి, దాని మూతిని రెండు వేళ్లతో పట్టి చన్ను అందించింది. రెండో చేత్తో వెనకనుంచి తోయబోయిన పెద్దదాన్ని ఆపింది.

పిల్ల గొంతు కదిలింది. నేను వాచీ చూసుకున్నాను. పద్నాలుగు సెకన్లు.